స్విచ్ దగ్గర నిలబడితే లిఫ్టు కనబడాలి



సికింద్రాబాద్ స్టేషన్ బయటికి వచ్చి, ఆటోల గోల దాటుకుని, మోండా మార్కెట్ దిక్కుగా నడిస్తే రెజిమెంటల్ బజార్ తగులుతుంది. ఊరికి సికింద్రాబాద్ అన్న పేరు 1806లో వచ్చింది, మూడో నిజాం సికందర్ జా పేరు మీద. ఇక్కడ మకాం వేసిన ఇంగ్లీషు పటాలాలకు బజార్లు కావాలి కదా. అలాంటి బజార్లలో ఇదొకటి. పటాలాలు పోయాయి. పేరు ఉండిపోయింది. సందులూ ఉండిపోయాయి.

ఆ సందుల్లో పాత ఇళ్ళను ఒకసారి కళ్ళముందుకు తెచ్చుకోండి. కింద దుకాణం, పైన కాపురం. రోడ్డుకూ గుమ్మానికీ మధ్య మూడు మెట్లు. కొన్నిచోట్ల నాలుగైదు. లోపల ఇంకో మెట్ల వరస, నిచ్చెన నిలబెట్టినట్టు. ఆ మెట్ల కింద చీకట్లో కరెంటు మీటర్లు. మీటర్ల ముందు ఒక పాత స్కూటరు, రెండు అట్టపెట్టెలు, ఒక నీళ్ళ డ్రమ్ము.

గుమ్మం ముందరి ఆ మూడు మెట్లు మనకు లెక్కలోకే రావు. ఫోన్లో మాట్లాడుకుంటూ ఎక్కేస్తాం. వీల్‌చైర్లో ఉన్న మనిషికి మాత్రం దారి అక్కడితో ఆగిపోతుంది. పక్షవాతం వచ్చిన నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే కుర్చీని ఇద్దరు ఇటూ, ఇద్దరు అటూ పట్టుకుని దించాలి. ఆ దించేటప్పుడు ఆయన ముఖం చూడండి. నొప్పి కంటే నామోషీ ఎక్కువగా కనబడుతుంది.

అందుకే ఇప్పుడు వీల్‌చైర్ లిఫ్టులు వస్తున్నాయి. అపార్టుమెంట్లలో ఉండే పెద్ద లిఫ్టు కాదు ఇది. నడుము ఎత్తు గోడలున్న ఒక పలక. కుర్చీతో సహా మనిషి దాని మీదికి వెళితే నెమ్మదిగా పైకి తీసుకెళుతుంది. చాలా నెమ్మదిగా. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దీని వేగం సెకనుకు 15 సెంటీమీటర్లకు మించకూడదు. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే నడుస్తుంది. వేలు తీస్తే ఆగుతుంది. సందు చిన్నదైనా, ర్యాంపుకు చోటు లేకపోయినా, గుమ్మం పక్కన ఇది ఇమిడిపోతుంది.

ఇళ్ళలోనే కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. పదిమందీ వచ్చిపోయే పాత భవనాలను కూడా అందరూ వెళ్ళగలిగేట్టు మార్చాలని అది చెప్పింది, దానికి ఐదేళ్ళ గడువు పెట్టింది. గడువు దాటిపోయింది. పని ఎంత జరిగిందన్న విచారణ సుప్రీంకోర్టులో నడిచింది. దానికోసం కోర్టు నివేదిక అడిగింది ఎవరినో కాదు, మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం వాళ్ళను. 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. ఈ విషయంలో నియమాలు 'ఇలా చేస్తే మంచిది' అన్నట్టు ఉంటే చాలదు, 'ఇలా చేసి తీరాలి' అన్నట్టు ఉండాలని కోర్టు అన్నది. అంటే పాత భవనాల్లోకి ఈ లిఫ్టులు ఇంకా వస్తాయి. రావాలి కూడా.

లిఫ్టు కొనేటప్పుడు అందరూ ధర అడుగుతారు. రంగు అడుగుతారు. ఎంత బరువు మోస్తుందని అడుగుతారు. ఒక్కటి మాత్రం అడగరు. దీనికి కరెంటు పూర్తిగా తీసేసే స్విచ్ ఎక్కడ పెడతారు అని. నేను చూసినంతలో ఈ పని చివర్న, మధ్యాహ్నం మూడింటికి, వైరు ఎంత మిగిలితే అంత దూరంలో జరిగిపోతుంది. ఈ కాసేపూ ఆ ఒక్క స్విచ్ గురించే మాట్లాడుకుందాం.

ముందు ఆ స్విచ్ ఎవరికోసమో తెలియాలి. లిఫ్టులో వెళ్ళే మనిషి కోసం కాదు. ఆయనకు వేరే ఉంది, ఎర్రటి పుట్టగొడుగు లాంటి బటన్, పలక మీదనే, కుర్చీలో కూర్చున్నవాళ్ళకు చెయ్యి చాపితే అందేట్టు. ఏదైనా తేడాగా అనిపిస్తే దాన్ని నొక్కుతారు. పలక ఆగుతుంది. కానీ మోటారు పెట్టె దాకా కరెంటు వస్తూనే ఉంటుంది. మనం మాట్లాడుకునే మెయిన్ స్విచ్ మెకానిక్ కోసం. పలక కిందికి దూరి, గ్రీజు పూస్తూ, చెయిన్ బిగిస్తూ ఉండే మనిషి కోసం. ఆ మనిషి వేళ్ళు లోపల ఉన్నంతసేపూ అటు కరెంటు చుక్క కూడా రాకూడదు. ఎర్ర బటన్ ప్రయాణించేవాళ్ళది, మెయిన్ స్విచ్ బాగుచేసేవాళ్ళది. రెండూ ఒకటే అనుకోవడంతోనే సగం చిక్కులు మొదలవుతాయి.

ఇప్పుడు ఒక దృశ్యం అనుకుందాం. నిజంగా జరిగినదని చెప్పడం లేదు. కానీ ఏ సందులోనైనా, ఏ రోజైనా జరగగలదు.

లిఫ్టు మెకానిక్ వచ్చాడు. వాచ్‌మన్‌ను అడిగాడు.

"అన్నా, దీని మెయిన్ ఏడుంది?"

"ఎన్క దిక్కు, మెట్ల కింద. మీటర్ల కాడ."

వెళ్ళి చూస్తే పది స్విచ్‌లు. దేని మీదా పేరు లేదు. అందాజాగా ఒకటి బంద్ చేశాడు. ముందుకొచ్చి చూస్తే లిఫ్టు దీపం ఆరింది. సరే అనుకుని పలక కిందికి దూరాడు. పది నిమిషాలకు పైనున్న అద్దెవాళ్ళ అబ్బాయి దిగాడు. వాళ్ళింట్లో ఫ్రిజ్ పనిచేయడం లేదట. ఎందుకంటే ఆ లిఫ్టూ, వాళ్ళ ఫ్రిజ్జూ ఒకే లైను మీద ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ముడు అలా కలిపేశాడు. అబ్బాయి మెట్ల కిందికి వెళ్ళాడు. ఒక స్విచ్ దిగి ఉంది. పైకి లేపాడు. తన ఇంటి కరెంటు తాను వేసుకున్నాడు, అంతే. గోడకు అవతల పలక కింద ఒక మనిషి ఉన్నాడని అతనికి తెలియదు. తెలిసే వీలు లేదు. అతను నిలబడ్డ చోటు నుంచి లిఫ్టు కనబడదు.

ఇందులో తప్పు ఎవరిది? అబ్బాయిది కాదు. మెకానిక్‌దీ కాదు. స్విచ్‌ను అక్కడ పెట్టినవాళ్ళది.

కాబట్టి మొదటి మాట, మళ్ళీ మళ్ళీ చెబుతాను, ఏమీ అనుకోకండి. స్విచ్ దగ్గర నిలబడినవాళ్ళకు లిఫ్టు మోటారు, దాని కంట్రోల్ పెట్టె కళ్ళకు కనబడాలి. గోడ చాటున వద్దు. పై అంతస్తులో వద్దు. మలుపు తిరిగాక వద్దు. స్విచ్ మీద చెయ్యి వేసిన మనిషి మెడ తిప్పితే చాలు, అక్కడ ఎవరున్నారో తెలియాలి.

ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో భవనాల కరెంటు పనులకు ఒక జాతీయ నియమావళి ఉంది. అందులో 620వ అధికరణం లిఫ్టులది, ఎస్కలేటర్లది. వీల్‌చైర్ లిఫ్టులూ, మెట్ల వెంబడి వెళ్ళే కుర్చీలూ అందులోనే వస్తాయి. వీటి మెయిన్ స్విచ్ కంట్రోల్ పెట్టెకు కనుచూపులో ఉండాలని అది చెబుతుంది. కనుచూపు అంటే ఎంత? కళ్ళకు ఆనాలి, యాభై అడుగులు దాటకూడదు. ఇంకో మాట కూడా ఉంది అందులో. ఇంట్లో మరో చోటు నుంచి ఆ స్విచ్‌ను వేసే ఏర్పాటు అసలు ఉండకూడదు. రిమోట్లూ, టైమర్లూ ఏవీ కుదరవు. తిరిగి వేయాలంటే అక్కడికి వచ్చి చేత్తోనే వేయాలి.

మన దగ్గర ఇలాంటిది లేదా అంటే, ఉంది. అదీ పాతదే. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే ఉంది. మోటారుకు కరెంటు తీసేసే స్విచ్ ఆ మోటారు పక్కనే ఉండాలి, దాని బాధ్యత చూసే మనిషికి సులువుగా అందాలి, సులువుగా తిరగాలి అని. ఆ తర్వాత వచ్చిన కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలూ ఆ మాటనే నిలబెట్టాయి. పిండిమిల్లుల్లో, రంపం మిల్లుల్లో వాళ్ళకిది కొట్టినపిండి. మోటారు పక్కన స్టార్టరు, దాని పక్కన మెయిన్. మరి వీల్‌చైర్ లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోతాం? అది చూడ్డానికి మిషన్‌లా కాకుండా ఫర్నిచర్‌లా ఉంటుంది కాబట్టి అని నా అనుమానం. హాల్లో సోఫా పక్కన ఎర్ర హ్యాండిల్ ఉంటే బాగుండదని ఇంటావిడ అంటారు. స్విచ్ మెట్ల కిందికి పోతుంది.

రెండో మాట తాళం గురించి. స్విచ్ కనబడితే చాలదు. మెకానిక్ దాన్ని ఆపాక, ఎవరూ తిరిగి వేయకుండా తాళం వేసుకోగలగాలి. బజార్లో ఐసొలేటర్ అని అడిగితే ఇస్తారు. పసుపుపచ్చ పలక మీద ఎర్రటి పిడి. పిడిని అడ్డంగా తిప్పితే ఆఫ్. అలా తిప్పినప్పుడు పిడిలో చిన్న కంత తెరుచుకుంటుంది. అందులో తాళంకప్ప పడుతుంది. తాళం పడ్డాక ఎంత తిప్పినా పిడి తిరగదు. మెకానిక్ తన తాళం వేసుకుని, తాళంచెవి తన జేబులో వేసుకుని, అప్పుడు పలక కిందికి వెళతాడు. తాళంచెవి వాచ్‌మన్‌కు ఇవ్వకూడదు, ఇంటివాళ్ళకూ ఇవ్వకూడదు. ఎవరి వేళ్ళు లోపలున్నాయో వాళ్ళ జేబులోనే ఉండాలి.

మీటరు బోర్డులో ఉండే మామూలు ఎంసీబీకి ఈ సదుపాయం ఉండదు. చిన్న నల్లటి మీట, ఎవరి చిటికెన వేలైనా లేపేస్తుంది. దానికీ తాళం వేసే క్లిప్పులు దొరుకుతాయి, కానీ వాటిని కొని తెచ్చి పెట్టినవాళ్ళు తక్కువ. ఐసొలేటర్ పెట్టించుకోండి. లిఫ్టు ఖరీదులో దాని ధర చాయ్ ఖర్చు.

తాళం అన్నాను కదా, అపార్థం చేసుకోవద్దు. తాళం స్విచ్ పిడికి. స్విచ్ ఉన్న గదికి కాదు. మన దగ్గర ఇది తలకిందులుగా జరుగుతుంది. పిడికి తాళం ఉండదు, గదికి ఉంటుంది. సెల్లార్లో ఒక గది. దానికి పెద్ద తాళం. తాళంచెవి సేటు దగ్గర. సేటు తిరుపతి వెళ్ళాడు. ఆ రోజే లిఫ్టులోంచి కాలిన వాసన వస్తుంది. ఏం చేస్తారు? రాయి పెట్టి తాళం పగలగొట్టాలి. ఆపద వేళ అందుబాటులో లేని స్విచ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

సెల్లార్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. స్విచ్‌ను సెల్లార్లో పెట్టకండి. 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయా? నగరంలో ఎన్ని సెల్లార్లు నిండిపోయాయో గుర్తుందా? మోటార్లు పెట్టి రోజుల తరబడి నీళ్ళు తోడారు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఏ స్విచ్ మీదా చెయ్యి వేయలేం, వేయకూడదు. ఎక్కడ నీళ్ళు నిలిచే వీలుందో అక్కడ స్విచ్ వద్దు. స్విచ్ ఉన్న అంతస్తు ఎండి ఉండాలి. చెయ్యి పైకెత్తి వెతుక్కోకుండా, వంగకుండా, నిలబడ్డ మనిషికి ఛాతీ ఎత్తులో ఉంటే బాగు.

దాని ముందు చోటు ఖాళీగా ఉండాలి. మూడు ఫేజుల స్విచ్‌బోర్డు ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉంచాలని మన భద్రతా నిబంధనలు చెబుతాయి. చిన్న ఇంటి లిఫ్టు సింగిల్ ఫేజుదే కావచ్చు, అయినా ఆ మీటరు ఖాళీ దానికీ మంచిదే. రెజిమెంటల్ బజార్లో ఒక మీటరు చోటు ఖాళీగా ఉంచడమంటే ఎంత కష్టమో నాకు తెలుసు. ఖాళీ కనబడితే చాలు, సాయంత్రానికి అక్కడ ఒక బస్తా వచ్చి కూర్చుంటుంది. గోడ మీద పసుపు రంగుతో గీత గీయించండి. బస్తాలకు గీత అర్థం కాదు, బస్తా దించే మనిషికి అర్థమవుతుంది.

ఇక ఇన్వర్టర్ సంగతి. ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే ఇది మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కు.

మన ఊళ్ళో కరెంటు ఒక దారిన రాదు. బయట స్తంభం నుంచి ఒకటి వస్తుంది. అది పోతే ఇన్వర్టర్ అందుకుంటుంది. దుకాణాలున్న చోట జనరేటర్ మొదలవుతుంది. మెకానిక్ వచ్చి మీటరు దగ్గర మెయిన్ ఆపాడనుకోండి. ఇన్వర్టర్ ఏమనుకుంటుంది? కరెంటు పోయిందనుకుంటుంది. పాపం దాని పని అది చేస్తుంది, ఠక్కున ఇంటికి కరెంటు ఇచ్చేస్తుంది. లిఫ్టు లైను కూడా ఆ ఇన్వర్టర్ మీద ఉంటే, మెకానిక్ ఆపాననుకున్న కరెంటు క్షణంలో మళ్ళీ అతని చేతి దగ్గరికి వచ్చేస్తుంది. ఎవరూ స్విచ్ వేయలేదు. ఇంట్లో ఎవరూ కదలలేదు.

కాబట్టి లిఫ్టు స్విచ్ ఎక్కడ ఉండాలి? ఇన్వర్టరూ జనరేటరూ అన్నీ కలిసిన తర్వాత, లిఫ్టుకు ముందు. ఆఖరి మెట్టులో. కరెంటు ఏ దారిన వచ్చినా సరే, ఆ ఒక్క గుమ్మం దాటాకే లిఫ్టులోకి వెళ్ళాలి. ఆ గుమ్మం మూస్తే ఏ దారీ తెరిచి ఉండకూడదు. మీ ఎలక్ట్రీషియన్‌ను ఇదొక్కటే అడగండి. "అన్నా, ఈ స్విచ్ ఆపితే ఇన్వర్టర్ కరెంటు కూడా ఆగుతదా?" అతను ఒక్క క్షణం తడబడితే, బొమ్మ గీసి చూపించమనండి.

ఇంతకంటే గడుసుది ఇంకోటి ఉంది. చాలా వీల్‌చైర్ లిఫ్టుల్లో లోపలే బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినా మనిషి మధ్యలో చిక్కుకుపోకుండా, మెల్లగా కిందికి దించడానికి. మంచి ఏర్పాటే. వీల్‌చైర్లో ఉన్నవాళ్ళు పలక మీంచి దూకి రాలేరు కదా. కానీ బయట మెయిన్ స్విచ్ ఆపినా బ్యాటరీ బతికే ఉంటుంది. బటన్ మీద చెయ్యి పడితే పలక దిగుతుంది. కింద మెకానిక్ ఉంటే? ఇందాక చెప్పిన అమెరికా నియమావళి దీన్నీ పట్టించుకుంది. అలాంటి బ్యాటరీ ఉన్న చోట, మెయిన్ స్విచ్ తిప్పగానే బ్యాటరీ కూడా తెగిపోయేట్టు ఆ స్విచ్‌లోనే ఇంకో కాంటాక్టు ఉండాలంది. అదీ స్ప్రింగు దయ మీద ఆధారపడకూడదు. పిడి తిరిగితే కాంటాక్టు తప్పకుండా విడిపోవాలి. లిఫ్టు అమ్మే వాళ్ళను అడగండి, మీ దాంట్లో ఇది ఉందా అని. లేకపోతే బ్యాటరీకి వేరే స్విచ్ ఎక్కడుందో చూపించమనండి. అది మెయిన్ పక్కనే ఉండాలి, లిఫ్టు పొట్టలో నాలుగు స్క్రూలు విప్పితే దొరికేట్టు కాదు.

మన పాత ఇళ్ళ వైరింగ్ గురించి ఒక మాట. రెజిమెంటల్ బజార్ లాంటి చోట్ల ఎప్పుడో చెక్కపట్టీల మీద లాగిన వైర్లు ఇప్పటికీ గోడల్లో కనబడతాయి. ఒకరు మార్చింది ఇంకొకరు మార్చి, ఎర్రవైరు నల్లవైరైంది, నల్లవైరు ఎర్రవైరైంది. ఫేజు ఏదో న్యూట్రల్ ఏదో టెస్టరు పెడితే గానీ తెలియదు. అలాంటి చోట ఒక్క వైరును మాత్రమే తెంచే స్విచ్ పెట్టారనుకోండి. తెగింది న్యూట్రల్ అయితే? లిఫ్టు ఆగిపోతుంది, దీపం ఆరిపోతుంది, అంతా సద్దుమణిగినట్టే ఉంటుంది. ఫేజు మాత్రం లోపల కూర్చుని ఉంటుంది. అందుకని రెండు వైర్లనూ ఒకేసారి తెంచే స్విచ్ పెట్టాలి. షాపులో డబుల్ పోల్ అని అడగండి. మూడు ఫేజుల లిఫ్టయితే నాలుగు పోళ్ళది. ఆ తర్వాత కూడా మెకానిక్ టెస్టరు పెట్టి చూసుకోవాలి. స్విచ్‌ను నమ్మాలి, కానీ టెస్టరుతో నమ్మాలి.

కొన్ని చిన్న లిఫ్టులకు ప్లగ్గు వస్తుంది, గోడ సాకెట్లో గుచ్చేది. "ప్లగ్గు పీకేస్తే సరిపోదా సార్?" అంటారు. ఆ సాకెట్టు ఎక్కడుంటుందో చూడండి. వంటింటి గోడకో, హాల్లో సోఫా వెనకో. పండక్కి సీరియల్ బల్బులు పెట్టాలనిపిస్తుంది, సాకెట్టు తక్కువవుతుంది, లిఫ్టు ప్లగ్గు పీకేస్తారు. సాయంత్రం నానమ్మ గుళ్ళోంచి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని ఉంటుంది, లిఫ్టు కదలదు. లిఫ్టుకు బోర్డు నుంచి తనదైన లైను ఉండాలి. ఇంకెవరికీ అందులో వాటా ఉండకూడదు.

అలాగే ఆ స్విచ్ దీపాల స్విచ్‌ల వరసలో ఉండకూడదు. రాత్రి పడుకునే ముందు వరసగా అన్నీ ఆపుకుంటూ వెళ్ళే చెయ్యి దాన్నీ ఆపేస్తుంది. మెకానిక్‌కు అందాలి, అటుగా వెళ్ళే చేతికి తగలకూడదు. ఈ రెండూ కుదిరే చోటు వెతకడమే అసలు పని. లిఫ్టు పక్క గోడ మీద, పలక కదిలే దారికి అవతలగా, ఛాతీ ఎత్తులో, వేరే పెట్టెలో. సాధారణంగా అక్కడ కుదురుతుంది.

గుమ్మం బయట, వానకు తడిసే చోట లిఫ్టు పెట్టేవాళ్ళకు ఒక సూచన. స్విచ్ పెట్టె వాన నీళ్ళు చొరబడనిదై ఉండాలి. వైరు పెట్టె కిందివైపు నుంచి లోపలికి వెళ్ళాలి. పైనుంచి వెళితే వాననీళ్ళు వైరు పట్టుకుని జారి నేరుగా లోపలికి దిగుతాయి. ఇంత చిన్న సంగతి కాబట్టే చాలా చోట్ల తప్పుగా చేస్తారు. మీ గుమ్మం బయట ఉన్న ఏ పెట్టెనైనా చూడండి, వైరు ఎటునుంచి వెళుతోందో.

ఇంకో ప్రశ్న వస్తుంది. మెయిన్ ఆపితే లిఫ్టులోని దీపం, అలారం గంట కూడా ఆగిపోవాలా? వద్దు. పెద్ద లిఫ్టుల ప్రమాణాల్లో ఇది స్పష్టంగా ఉంది. మెయిన్ స్విచ్ మోటారును ఆపాలి గానీ లోపలి దీపాన్నీ, గంటనూ ఆపకూడదు. ఎందుకంటే లోపల మనిషి ఉండగా ఆపాల్సి రావచ్చు. కాళ్ళు కదపలేని మనిషి, చీకట్లో, గంట కూడా మోగించలేక... అంత పరిస్థితి ఎందుకు? వాటికి వేరే చిన్న లైను ఇవ్వండి. దాని స్విచ్ పక్కనే పెట్టి, పేరు రాయండి. మెకానిక్‌కూ ఈ మాట చెప్పండి, మెయిన్ ఆపినా దీపం వెలుగుతోందంటే దాని వైరులో కరెంటు ఉన్నట్టే అని.

సికింద్రాబాద్‌లో నిప్పు గురించి మాట్లాడకుండా ఈ ప్రసంగం ముగించలేను. 2022 సెప్టెంబరు 12 రాత్రి పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర ఒక లాడ్జి భవనంలో, కింద ఉన్న బ్యాటరీ బైకుల షోరూంలో మంట పుట్టింది. పొగ పైకెక్కింది. ఎనిమిది మంది పోయారు. ఆరు నెలలకు, 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఇంకో ఆరుగురు, అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు. రెండు చోట్లా మంట కంటే పొగే ఎక్కువ పని చేసింది. వీల్‌చైర్ లిఫ్టు వల్ల జరిగినవి కావు ఇవి. కానీ మన మెట్ల కింద ఏముంటుందో ఒకసారి చూసుకోమంటున్నాను. మీటర్లు అక్కడే. ఇప్పుడు కొత్తగా ఎలక్ట్రిక్ స్కూటర్ల చార్జింగూ అక్కడే. అట్టపెట్టెలూ అక్కడే. లిఫ్టు స్విచ్ కూడా అక్కడే పెడితే, ఏదైనా అంటుకున్న రోజున ఆ స్విచ్ దగ్గరికి వెళ్ళాలంటే పొగలోకే వెళ్ళాలి. లిఫ్టు దగ్గర, బయటి గాలి తగిలే గుమ్మం వైపు పెడితే, ఆపి బయటికి వచ్చేయొచ్చు.

నిప్పు అంటుకున్నప్పుడు ఆ లిఫ్టు ఎక్కకూడదు, ఎక్కించకూడదు. అదీ ఇంట్లో అందరికీ తెలియాలి. వీల్‌చైర్లో ఉన్నవాళ్ళను ఎవరు, ఎలా దించాలో ముందే మాట్లాడుకుని ఉంచుకోవాలి. లిఫ్టు వచ్చింది కదా అని ఎత్తుకుని దించే అలవాటును పూర్తిగా మరిచిపోకండి.

స్టేషన్ దగ్గర ఇప్పుడు పెద్ద పని నడుస్తోంది. 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగిన కొత్త స్టేషన్ లేస్తోంది. ఇటు మెట్రో వచ్చింది. పాత గాంధీ ఆసుపత్రి దగ్గర సికింద్రాబాద్ వెస్ట్, స్టేషన్ దగ్గర సికింద్రాబాద్ ఈస్ట్. అక్కడ లిఫ్టులకు ఇంజనీర్లున్నారు, మెషిన్ గదులున్నాయి, ఎవరు తాళం వేయాలో రాసిపెట్టిన పుస్తకాలున్నాయి. వాళ్ళ గురించి నాకు పెద్ద దిగులు లేదు. నా దిగులంతా స్టేషన్ ఎదుటి సందుల్లో. ఒక దంత వైద్యుడి క్లినిక్కు, ఒక చిట్‌ఫండ్ ఆఫీసు, ఒక ముసలాయన ఇల్లు. అక్కడ ఇంజనీరు ఉండడు. మీరే ఇంజనీరు.

అందుకని లిఫ్టు పెట్టించే రోజున, పనివాళ్ళు సామాను సర్దుకోకముందే, ఒక పని చేయండి. కొత్త స్విచ్ దగ్గర నిలబడండి. మెడ తిప్పి చూడండి, మోటారు పెట్టె కనబడుతోందా? పిడి తిప్పండి. బటన్ నొక్కి చూడమనండి, పలక కదులుతోందా? ఇప్పుడు మీటరు దగ్గరి మెయిన్ ఆపి, ఇన్వర్టర్ ఆన్‌లోనే ఉంచి మళ్ళీ నొక్కమనండి. బ్యాటరీ మీద దిగే బటన్ ఉంటే, బ్యాటరీకి వేరే స్విచ్ ఉన్న చోట అదీ ఆపి, ఆ బటన్‌నూ నొక్కమనండి. పలక అంగుళం కదిలినా పని అయిపోనట్టే, డబ్బులు ఆపండి. పిడికి తాళంకప్ప వేసి చూడండి, పడుతోందా? పెద్ద కప్ప పట్టకపోతే చిన్నది తెచ్చి, దాన్ని ఆ పెట్టె మీదే వేలాడదీయండి. మెకానిక్ తాళం మరిచిపోయి వచ్చిన రోజు పనికొస్తుంది.

ఆ తర్వాత పేరు రాయండి. తెలుగులో, హిందీలో, ఉర్దూలో కూడా. మన సందుల్లో పనివాళ్ళు ఏ భాష చదువుతారో చెప్పలేం. 'వీల్‌చైర్ లిఫ్టు మెయిన్' అని రాయండి. లైను ఏ బోర్డు నుంచి, ఏ ఎంసీబీ నుంచి వస్తోందో దాని కింద రాయండి. ఆ ఎంసీబీ దగ్గర కూడా 'ఇది లిఫ్టుది' అని రాయండి. బ్యాటరీ ఉంటే 'లోపల బ్యాటరీ ఉంది' అని ఎర్ర అక్షరాలతో రాయండి. కాగితం అంటిస్తే రెండు వానలకు పోతుంది. పెయింటుతో రాయించండి. మోండా మార్కెట్ చుట్టుపక్కల బోర్డులు రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు, నాలుగు మాటలకు ఎక్కువేమీ అడగరు.